టోటల్ లాస్ కారు కొనవచ్చునా? విజయవాడలో చూసిన రెండు కార్ల మీద ఒక సమీక్ష

ప్రమాదంలోనో వరదలోనో దెబ్బతిని, మరమ్మతు గిట్టుబాటు కాదని బీమా కంపెనీ లెక్క తేల్చి, యజమానికి డబ్బు చెల్లించేసిన కారును మన దగ్గర టోటల్ లాస్ బండి అంటారు. అలాంటి బండ్లన్నీ తుక్కులోకి పోవు. ఎవరో ఒకరు తక్కువకు కొని, బాగు చేయించి, రంగు వేయించి మళ్లీ అమ్మకానికి నిలబెడతారు. మా మేనల్లుడు మొదటి కారు కొనే ప్రయత్నంలో ఉండడంతో విజయవాడ శివారులోని ఒక పాత కార్ల యార్డుకు అతనితో పాటు వెళ్లాను. ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా డెంటింగ్ పని చేస్తున్న మేస్త్రి ఒకాయనను కూడా మాతో రమ్మని అడిగాము. అక్కడ మార్కెట్ కంటే బాగా తక్కువ ధర చెప్పిన కార్లు రెండు కనిపించాయి. ఒకటి 2020 నాటి క్రెటా డీజిల్, రెండోది 2021 నాటి స్విఫ్ట్. క్రెటాకు రూ.6.25 లక్షలు, స్విఫ్ట్‌కు రూ.4.10 లక్షలు చెప్పారు. రెండింటిలో ఏదీ టోటల్ లాస్ బండి అని యార్డు వాళ్లు తమంతట తాము చెప్పలేదు. గట్టిగా అడిగితే స్విఫ్ట్ సంగతి ఒప్పుకున్నారు, క్రెటా సంగతి ఎంత అడిగినా ఒప్పుకోలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నీట మునిగిన కారును ఏ ధరకైనా కొనకూడదు. గుద్దుకుని టోటల్ లాస్ అయిన కారును మాత్రం కొన్ని సందర్భాల్లో కొనవచ్చు. అయితే దెబ్బ ఎక్కడ తగిలిందో, దేనితో బాగు చేశారో అమ్మేవారు కాగితం మీద చూపించగలగాలి. అది చూపించలేనప్పుడు ధర ఎంత ఊరించినా వదిలేసి రావడం మేలు.

టోటల్ లాస్ అనగానే నుజ్జునుజ్జయిన ఇనుప ముద్ద కళ్ల ముందు మెదులుతుంది. వాస్తవానికి అది డబ్బు లెక్క. మోటారు బీమా పాలసీలో ఐడీవీ (కారుకు బీమా కట్టిన విలువ) అని ఒక అంకె ఉంటుంది. ఆ మోడల్ షోరూమ్ ధరలోంచి కారు వయసును బట్టి తరుగు తీసివేస్తే మిగిలేది అదే. తరుగు ఆరు నెలల లోపు కారుకు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50 శాతం. మరమ్మతు ఖర్చు ఈ ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద లెక్కిస్తారు. రూ.8 లక్షల కారు నాలుగో ఏట నడుస్తున్నదనుకుంటే దాని ఐడీవీ రూ.4.8 లక్షలు, అందులో 75 శాతం రూ.3.6 లక్షలు. ముందు భాగం గట్టిగా గుద్దుకుని రెండు ఎయిర్‌బ్యాగ్‌లు తెరుచుకుంటే బానెట్, హెడ్‌ల్యాంపులు, రేడియేటర్, ఏసీ కండెన్సర్, డ్యాష్‌బోర్డ్, ముందు సీట్ల బెల్టులు, ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్, వీటన్నిటికీ కొత్త విడిభాగాల ధర, కూలీ, జీఎస్‌టీ కలిసి కంపెనీ సర్వీస్ సెంటర్ అంచనా ఆ గీత దాటడానికి ఎంతో సేపు పట్టదు. అదే దెబ్బ అదే మోడల్‌లో పది నెలల కారుకు తగిలిందనుకోండి. ఐడీవీ రూ.6.8 లక్షలు, గీత రూ.5.1 లక్షలు. అప్పుడు బీమా కంపెనీ మరమ్మతు చేయించి తాళాలు చేతికి ఇచ్చేస్తుంది, దాన్ని ఎవరూ టోటల్ లాస్ అనరు.

ఈ లెక్క తెలిస్తే రెండు సంగతులు బోధపడతాయి. టోటల్ లాస్ కాని కారు కూడా అంతే పెద్ద దెబ్బ తిని ఉండవచ్చునన్నది ఒకటి. బాగా పాతబడిన చిన్న కారు చిన్న దెబ్బకే టోటల్ లాస్ కావచ్చునన్నది రెండోది. అయిదేళ్లు దాటిన కార్లకు ఐడీవీని యజమాని, బీమా కంపెనీ మాట్లాడుకుని నిర్ణయిస్తారు. ఎనిమిదేళ్ల ఆల్టోకు అది లక్షా పాతిక వేలో ఎంతో ఉంటే, రెండు తలుపులు, వెనక పక్క రేకు, ఒక చక్రం, కొంత సస్పెన్షన్ పోయినా చాలు, సర్వీస్ సెంటర్ అంచనా 75 శాతానికి చేరిపోతుంది. అలాంటి బండిని బయటి షెడ్డులో పాత తలుపులు తెచ్చి బిగిస్తే ఖర్చు అందులో సగం కూడా కాదు, కారు పటుత్వానికి వచ్చిన లోటూ పెద్దగా ఉండదు. టోటల్ లాస్ బండ్లలో కొనదగినవి ఉన్నాయంటే ఎక్కువగా ఈ కోవలోనే ఉంటాయి. నాలుగేళ్ల లోపు ఖరీదైన కారు టోటల్ లాస్ అయిందంటే మాత్రం దెబ్బ నిజంగానే పెద్దది అయి ఉండాలి.

క్లెయిం తేలాక దెబ్బతిన్న బండి రెండు దారుల్లో ఒకదానిలో వెళ్తుంది. బీమా కంపెనీ పూర్తి ఐడీవీ చెల్లించి బండిని తానే తీసుకుంటుంది, లేదా ఆ స్థితిలో బండికి పలికే ధరను, అంటే సాల్వేజ్ విలువను, మినహాయించుకుని మిగతా డబ్బు ఇచ్చి బండిని ఆర్‌సీతో సహా యజమానికే వదిలేస్తుంది. ఏ దారిలో వెళ్లినా చాలావరకు చివరికి ఎక్కువ ధర పెట్టిన సాల్వేజ్ వ్యాపారి చేతికే చేరుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 55వ సెక్షన్ ప్రకారం బండి ధ్వంసమైనా, ఇక శాశ్వతంగా వాడకానికి పనికిరాకుండా పోయినా యజమాని 14 రోజుల్లో లేదా వీలైనంత త్వరగా రిజిస్టర్ చేసిన అధికారికి తెలియజేసి ఆర్‌సీ అప్పగించాలి. అయితే బాగు చేయడానికి వీలున్న బండి శాశ్వతంగా పనికిరానిది కాదు గదా అన్న సందు అందులోనే ఉంది. కాబట్టి చాలాసార్లు ఆర్‌సీ బతికే ఉంటుంది, బండి బాగుపడి రోడ్డెక్కుతుంది, దాని గతం మాత్రం ఆర్‌సీలో ఒక్క అక్షరమైనా చేరదు. ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూస్తే రిజిస్ట్రేషన్ తేదీ, ఇంధనం, ఫైనాన్స్, బీమా గడువు కనిపిస్తాయి, టోటల్ లాస్ అయిందా అన్న గడి ఉండదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఉన్నది హైదరాబాద్‌లో, పాలసీల, క్లెయిముల సమాచారం పోగుచేసే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ఉన్నది కూడా హైదరాబాద్‌లోనే. అయినా అదే ఊళ్లో పాత కారు కొనే మనిషి ఆ కారు క్లెయిముల చరిత్ర తెరిచి చూసుకునే కిటికీ లేకపోవడం నాకు ఎప్పుడూ విడ్డూరంగానే అనిపిస్తుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ విషయంలో మనకంటే మెరుగైన వెసులుబాటు ఉంది. అక్కడ ఇలాంటి కారు యాజమాన్య పత్రం మీదే సాల్వేజ్ అన్న ముద్ర పడుతుంది. బాగు చేయించి రాష్ట్రం కోరిన తనిఖీ ముగించాక అది రీబిల్ట్ టైటిల్‌గా మారుతుంది. చదువుకోవడానికి వెళ్లిన తెలుగు విద్యార్థులు టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో తక్కువ ధర చూసి ఈ రీబిల్ట్ కార్లు కొనుక్కోవడం కొత్తేమీ కాదు. ముద్ర ఉంది కాబట్టి తక్కువ ధర ఎందుకో వాళ్లకు తెలిసే కొంటారు. సొంత కారు నష్టానికి పూర్తి బీమా ఇవ్వడానికి కొన్ని కంపెనీలు వెనుకాడతాయని మాత్రం ముందుగా విచారించుకోవాలి. ముద్ర వేసే పద్ధతి ఒక రాష్ట్రానిది మరో రాష్ట్రానికి కలవకపోవడాన్ని వాడుకుని ముద్ర చెరిపేసే మోసాలు అక్కడా ఉన్నాయి. బ్రిటన్‌లో 2017 నుంచి ఏ, బీ, ఎస్, ఎన్ అని నాలుగు తరగతులు చేశారు. ఏ, బీ తరగతుల కార్లు మళ్లీ రోడ్డెక్కకూడదు, ఎస్ అంటే పటుత్వానికి ఆధారమైన భాగాలు దెబ్బతిన్నవి, ఎన్ అంటే అవి దెబ్బతిననివి. మన రవాణా శాఖ ఆర్‌సీలో ఇలాంటి ఒక్క అక్షరం చేర్చినా, ఈ సమీక్షలో సగం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

ఇక క్రెటా సంగతి. బయటి నుంచి చూస్తే మెరిసిపోతున్నది. తలుపు తీయగానే పెర్‌ఫ్యూమ్ ఘాటు ముక్కుకు కొట్టింది. మ్యాట్లు, కింద కార్పెట్ రెండూ కొత్తవి. అయిదేళ్ల కారులో కార్పెట్ కొత్తదంటే ఎందుకు మార్చారని అడగవలసిందే. డ్రైవర్ సీటు బెల్టును చివరి దాకా లాగి చూశాము. రోజూ బయటికి వచ్చే భాగం శుభ్రంగా ఉంది. రీలులో చుట్టుకుని ఉండే చివరి జానెడు భాగంలో మాత్రం లేత గోధుమ రంగు గీత అడ్డంగా పడి, దాని కింద నేతలో సన్నటి బూడిద రంగు ఒండ్రు ఇరుక్కుని ఉంది. వేలితో రుద్దితే పొడిగా రాలింది. సీటును వెనక్కి జరిపి పట్టాల బోల్టులు చూస్తే ఎర్రటి తుప్పు, పైన సన్‌వైజర్ స్క్రూలు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. స్టెప్నీ గుంటకు కొత్తగా నల్ల రంగు కొట్టారు, కానీ గుంట అడుగున ఉన్న రబ్బరు మూత పైకి లేపితే దాని అంచు కింద అదే ఒండ్రు. డ్యాష్‌బోర్డ్ కింద ఫ్యూజు పెట్టె పక్కనున్న కనెక్టర్ ఒకటి విప్పితే రాగి కొసలు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. వెనక ఎడమ అద్దం స్విచ్ రెండోసారి నొక్కితేనే పని చేసింది.

యార్డులో పనిచేసే కుర్రాడు, “వర్షంలో అద్దం దించి వదిలేశారు సార్, లోపల తడిసింది, అంతే” అన్నాడు. కిటికీలోంచి పడిన వాన సీటు తడుపుతుంది గానీ, సీటు బెల్టు రీలులోకి, స్టెప్నీ గుంట రబ్బరు కిందికి ఒండ్రు మట్టిని తీసుకుపోదు. ఈ బండికి ఏపీ 39 నంబరు ఉంది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే సిరీస్ కాబట్టి నంబరు ప్లేటు చూసి ఏ ఊరి బండో చెప్పలేము. అందుకే పాత పాలసీ ప్రతి అడిగాను. అందులో మునుపటి యజమాని చిరునామా అజిత్‌సింగ్ నగర్. ఆ పాలసీ తర్వాత నెలల తరబడి బీమా లేదు, కొత్త పాలసీ 2025లో కొత్త పేరు మీద మొదలైంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి విజయవాడ వాళ్లకు ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. చిరునామా ఒక్కటే చూసి ఏ కారునూ అనుమానించకూడదు, అక్కడ మేడ మీద ర్యాంపులో నిలిపిన బండ్లు కూడా ఉంటాయి. కానీ చిరునామా, బీమా ఖాళీ, బెల్టులోని ఒండ్రు మూడూ ఒకే వైపు చూపిస్తున్నప్పుడు ఇంకా సందేహించడానికి ఏమీ మిగలలేదు.

వరద కారును ఏ ధరకైనా వద్దనడానికి కారణం ఇంజను అని చాలామంది అనుకుంటారు. నీళ్లలో ఉండగా స్టార్టు చేస్తే గాలి మార్గంలోంచి సిలిండర్లలోకి నీరు చేరి, అది కుదించుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగిపోయే మాట నిజమే. ఇంజను ప్రొటెక్షన్ అనే అదనపు రక్షణ లేకపోతే మామూలు పాలసీలో ఆ నష్టానికి డబ్బు రావడం కష్టమన్నది కూడా నిజమే. అయినా ఇంజనును విప్పి బాగు చేయవచ్చు, బాగైందో లేదో వెంటనే తెలుస్తుంది. అసలు చిక్కు వైరింగ్‌తో వస్తుంది. ఈనాటి కారులో కార్పెట్ కింద, సీట్ల కింద, తలుపుల గడపల వెంట వైర్ల కట్టలు, కనెక్టర్లు ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్‌లను నియంత్రించే పెట్టె చాలా కార్లలో గేరు లివరు దగ్గర నేలకు ఆనుకుని ఉంటుంది. నీరు కారులోకి రాగానే మొదట తడిసే వాటిలో అదొకటి. బురద నీరు ఆరిపోయాక కూడా కనెక్టర్లలో మిగిలిన ఉప్పు, తేమ రాగిని నెమ్మదిగా తింటూ పోతాయి. ఈ నెలలో పవర్ విండో, వచ్చే నెలలో ఏబీఎస్ (బ్రేకుల) దీపం, వానాకాలంలో హైవే మీద ఉన్నట్టుండి స్టీరింగ్ బరువెక్కడం, ఇలా ఒక్కొక్కటీ బయటపడుతుంది. ఏ మెకానిక్కూ మొత్తం ఎక్కడుందో చెప్పలేడు. మొత్తం వైరింగ్ మారిస్తే తప్ప భరోసా ఉండదు, ఆ ఖర్చు పెట్టేవారు కారును అంత తక్కువకు అమ్మరు. విద్యుత్ కార్లకు, హైబ్రిడ్ కార్లకు ఈ మాట మరింత గట్టిగా వర్తిస్తుంది. 2015 డిసెంబరులో, మళ్లీ 2023 డిసెంబరులో చెన్నై మునిగింది, 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగింది. ఆ తేదీలకు ముందు ఆ ఊళ్లలో రిజిస్టరై, తర్వాత కొద్ది నెలలకే ఎన్‌ఓసీతో (అభ్యంతరం లేదన్న పత్రంతో) మరో రాష్ట్రానికి మారిన కారు కనిపిస్తే అదనపు జాగ్రత్త తప్పదు.

స్విఫ్ట్ దగ్గర కథ వేరు. మొదట “బంపర్‌కు చిన్న టచప్ సార్, అంతే” అన్న యార్డు యజమాని, మేస్త్రి బానెట్ ఎత్తి చూడడం మొదలుపెట్టాక, “ముందు గుద్దింది, టోటల్ లాస్‌లో తీసుకున్నాం, పనంతా నీట్‌గా చేయించాం” అని దారికొచ్చాడు. మేస్త్రి పని చూడడం మాకు ఒక పాఠమే అయింది. ముందుగా ఎడమ తలుపు బీడింగ్ కొంత మేర ఊడదీశాడు. దాని కింద రేకుల అంచు మీద ఫ్యాక్టరీలో మిషన్ వేసిన స్పాట్ వెల్డులు ఒకే ఎడంలో, ఒకే లోతులో గుండ్రటి గుంటల్లా వరసగా ఉన్నాయి. “పిల్లర్ ముట్టుకోలేదు బాబూ” అన్నాడు, అంటే పైకప్పును మోసే నిలువు స్తంభాన్ని కోయలేదని. తర్వాత బానెట్ కింద ఎడమ ఆప్రాన్ (చక్రం పైన ఇంజను గదికి పక్క గోడలా ఉండే రేకు) దగ్గరికి వంగి టార్చి వేశాడు. కుడి వైపు సీలెంట్ నున్నగా ఒకే మందంలో ఉంది. ఎడమ వైపు బ్రష్షుతో పులిమినట్టు ఎగుడుదిగుడుగా ఉంది. దాని కింద స్పాట్ వెల్డులు లేవు, గ్రైండర్‌తో చదును చేసిన వెల్డింగ్ గీత ఉంది. అంటే ఆప్రాన్ కోసి వేరే బండిది అతికించారు. ఇంకా కిందికి, బంపర్ వెనక నుంచి ఇంజను పక్కగా వెనక్కి వెళ్లే లాంగ్ మెంబర్ మీద గొలుసు కట్టి లాగినప్పుడు క్లాంపు పళ్లు కరిచిన గుర్తులు, రేకులో సన్నటి ముడతలు, వాటి మీద పైపైన కొట్టిన నల్ల రంగు.

గుద్దినప్పుడు ముందుగా నలిగి దెబ్బ శక్తిని తాను మింగి లోపలివాళ్లను కాపాడవలసిన భాగం ఆ లాంగ్ మెంబరే. ఎంత దెబ్బకు ఎక్కడ నలగాలో లెక్కగట్టి తయారుచేసిన ఆ ఉక్కును ఒకసారి నలిగాక గ్యాసు మంటతో కాల్చి, లాగి, సుత్తితో తిన్నగా చేస్తే చూపుకు తిన్నగానే ఉంటుంది. కానీ రెండోసారి గుద్దినప్పుడు అది మొదటిసారి లాగే నలుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ మోడల్‌కు క్రాష్ పరీక్షలో వచ్చిన నక్షత్రాలు ఈ బండికి వర్తించవు.

ఎయిర్‌బ్యాగ్‌ల దగ్గర మరింత నిరాశ ఎదురైంది. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డ్‌లో ఇంజను, ఆయిల్, బ్యాటరీ, ఏబీఎస్ దీపాలన్నీ వెలగాలి, ఎయిర్‌బ్యాగ్ దీపం కూడా కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. ఇక్కడ అది అసలు వెలగనే లేదు. దీపం వెలిగి ఆరకపోతే లోపం ఉందని అర్థం. అసలు వెలగకపోతే లోపం కనిపించకుండా ఎవరో దీపం తీగ తప్పించారన్న అనుమానం రావాలి. స్టీరింగ్ మధ్యలోని మూత రంగు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ రంగుకు సరిగా కలవలేదు. ఎడమ వైపు డ్యాష్‌బోర్డ్ మీద చెయ్యి ఆనించి మెల్లగా నిమిరితే, పైన పరిచిన రెక్సిన్ కింద కోసి అతికించిన గీత వేళ్లకు తగిలింది. అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఒకసారి తెరుచుకుంది, దాని స్థానంలో కొత్తది పెట్టారనడానికి ఏ బిల్లూ చూపించలేదు. మనిషి ప్రాణానికి సంబంధించిన ఈ మోసం చూశాక, “పని నీట్‌గా చేయించాం” అన్న మాటకు నేను ఏ విలువా ఇవ్వలేకపోయాను. పెయింటు మందం కొలిచే చిన్న పరికరం పెట్టి చూస్తే కుడి తలుపు మీద 110 మైక్రాన్లు, ఎడమ ముందు తలుపు మీద 450 పైన చూపించింది. ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా వందా నూట యాభై మైక్రాన్ల చుట్టూ ఉంటుంది; అంత పెరిగిందంటే కింద పుట్టీ ఉందన్న మాట. పుట్టీ వల్ల ప్రాణానికి ముప్పేమీ లేదు, అదొక్కటే అయితే ధర తగ్గించి కొనవచ్చు.

బయట నడిపి చూస్తే స్విఫ్ట్ బాగానే నడిచింది, చెయ్యి వదిలితే కొద్దిగా ఎడమకు లాగింది. దగ్గరలోని అలైన్‌మెంట్ షాపులో పెట్టించి ప్రింటు తీసుకున్నాము. ఎడమ చక్రం క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో ఒరిగే కోణం) పరిమితి దాటి ఉంది, సర్దడానికి ప్రయత్నించినా లోపలికి రాలేదు. ఏ పాత కారు కొన్నా ఈ ప్రింటు తీయించుకోవాలని నా సలహా. కొద్దిపాటి ఖర్చుతో మాటల్లో దొరకని నిజం చెప్పే కాగితం అది.

ధర విషయానికొస్తే, ఆ వయసు, ఆ వేరియంట్ స్విఫ్ట్ దెబ్బ లేకుండా అయితే ఆ చుట్టుపక్కల రూ.5.5 లక్షల దాకా పలుకుతున్నది. వీళ్లు చెప్పింది రూ.4.10 లక్షలు, అంటే పాతిక శాతం తగ్గింపు. ఇది చాలదు. రేపు మనం అమ్మేటప్పుడు కొనేవాడు కూడా మేస్త్రిని తెచ్చుకుంటాడు. ఫైనాన్స్ సంస్థ విలువ కట్టేవాడు కూడా ఆప్రాన్ చూస్తాడు, అప్పు తగ్గుతుంది. ఎయిర్‌బ్యాగ్‌లు, కంట్రోల్ యూనిట్, బెల్టులు నిజంగా కొత్తవి వేయించాలంటే సర్వీస్ సెంటర్ అంచనా తీసుకుని ఆ మొత్తం కూడా ధరలోంచి తీసివేయాలి. బోల్టులతో బిగించే భాగాలు మాత్రమే పోయిన బండికైతే, బిల్లులూ ఫొటోలూ ఉంటే, మార్కెట్ ధరలో 60 శాతం దాకా పెట్టవచ్చునని నా లెక్క, అదీ అయిదారేళ్లు తనే వాడుకునే ఉద్దేశం ఉన్నవారికే. లాంగ్ మెంబర్ లాగిన ఈ బండికి ఏ శాతమూ సరిపోదు. ఎక్కువగా హైవే మీద తిరిగే, చంటి పిల్లలున్న ఇంటికి ఇది సరిపడే బండి కాదు.

కాగితాల్లో మరో ప్రమాదం పొంచి ఉంది, అది బండి కంటే మనిషికే ఎక్కువ. కొందరు టోటల్ లాస్ బండిని బాగు చేయడానికి కొనరు, దాని ఆర్‌సీ కోసం, ఛాసిస్ నంబరు కోసం కొంటారు. అదే మోడల్, అదే రంగు బండి ఎక్కడో దొంగిలించి, పాత బండి నంబరు ఉన్న రేకు ముక్క కోసి దానికి అతికిస్తారు, లేదా నంబరు చెరిపి కొత్తగా గుద్దుతారు. అప్పుడు మన చేతిలో కారు మెరుగ్గానే ఉంటుంది, ఏ దెబ్బా కనిపించదు, ఒకరోజు పోలీసులు వచ్చి తీసుకుపోతారు. భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ చోరీ సొత్తు గురించే. దొంగ సొత్తని తెలిసి కొనలేదని నిరూపించుకునే తిప్పలు మనకు మిగులుతాయి. అందుచేత ఛాసిస్ నంబరు చోట తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ప్రింటు తీసుకోవాలి. అంకెలన్నీ ఒకే లోతులో, ఒకే వరసలో ఉన్నాయా, చుట్టూ వెల్డింగ్ గీత గానీ కొత్త రంగు గానీ ఉందా చూడాలి. ఇంజను నంబరు కూడా ఆర్‌సీతో సరిచూడాలి. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి నంబరు చెప్పి బాడీ షాపు జాబ్ కార్డుల గురించి అడిగితే, యజమాని తోడుంటే, చాలా చోట్ల చెబుతారు. పాత పాలసీలో నో క్లెయిం బోనస్ (క్లెయిం వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంత ఉందో చూడడం ఇంకో సులువైన దారి. క్లెయిం లేకుండా అయిదేళ్లు గడిస్తే 50 శాతం దాకా పెరగవలసిన బోనస్ హఠాత్తుగా సున్నా అయిందంటే ఆ ఏడాది ఏం జరిగిందో అమ్మేవారు చెప్పాలి.

దొంగతనానికి గురై, బీమా డబ్బు చెల్లించేశాక దొరికిన కార్లు కూడా ఒక రకంగా టోటల్ లాస్ బండ్లే. వాటిలో దెబ్బలేవీ ఉండకపోవచ్చు. బీమా కంపెనీ పేరుతో అమ్మకపు పత్రం, పోలీసు, కోర్టు కాగితాలు, మారిన ఆర్‌సీ వరసగా ఉంటే, నా దృష్టిలో అన్నిటికంటే మంచి బేరం అదే. అది అరుదుగా దొరుకుతుంది.

ఇక ఆ యార్డు సేవ గురించి. కార్లు శుభ్రంగా నిలిపి ఉంచారు, నడిపి చూడనిచ్చారు, మేస్త్రి బీడింగ్ ఊడదీసినా అభ్యంతరం చెప్పలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. పాత కార్లు కొని అమ్మే డీలరు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలని, తన చేతికి వచ్చిన బండి వివరం పోర్టల్‌లో తెలియజేయాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. ఆ పత్రం చూపమంటే “అప్లై చేశాం సార్” అన్నారు. టోటల్ లాస్ అయిన సంగతి, ఎయిర్‌బ్యాగ్‌లు పనిచేస్తాయన్న సంగతి రసీదు మీద రాసి సంతకం పెట్టమని అడిగాను. మొదటిది రాస్తామన్నారు, రెండోది రాయబోమన్నారు. రాయబోమన్న ఆ జవాబుతో మా బేరం అక్కడే ముగిసింది. డీలరు దగ్గర కొనేటప్పుడు ఈ రాత చాలా ముఖ్యం. దాచిపెట్టి అమ్మారని తేలితే జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు పెట్టగలిగేది ఆ కాగితాన్నే, నోటి మాటను కాదు.

అన్నీ సరిచూసుకుని, చిన్న దెబ్బ తగిలిన పాత బండినే ఎవరైనా కొన్నారనుకుందాం. పేరు మార్పిడికి ఫారం 29, 30, ఫైనాన్స్ ఉంటే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ, వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 కావాలి. ఆర్‌సీలో పేరున్నవారే చట్టం దృష్టిలో యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది, కాబట్టి అమ్మినవారి పేరు మీదే బండి నడపడం ఇద్దరికీ ప్రమాదమే. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ రక్షణ కొన్నవారికి వచ్చేస్తుంది గానీ, పాలసీలో మార్పు కోసం 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలి. పేరు మారకుండా గుద్దితే సొంత కారు నష్టానికి డబ్బు రావడం కష్టం. పాత యజమాని నో క్లెయిం బోనస్ బండితో పాటు మనకు రాదు, ఆ తేడా ప్రీమియం కట్టాలి. బీమా కంపెనీ మనిషి తనిఖీకి వచ్చినప్పుడు బండి గతం దాచకుండా చెప్పి, అతికించిన భాగాలన్నీ ఫొటోల్లో పడేలా చూసుకోవాలి. రేపు క్లెయిం వేసినప్పుడు ఆ దెబ్బలు పాతవా కొత్తవా అన్న వాదన తప్పకుండా వస్తుంది కాబట్టి, ఆ తనిఖీ ఫొటోల ప్రతి ఒకటి మన దగ్గర కూడా ఉంచుకోవాలి.